రాగి గనుల ఊరిలో

2023 మే నెలలో మేము హోసూరు విడిచి ఆఫ్రికాలోని జాంబియా చేరుకొన్నాము. ఉద్యోగం రాగి గనిలో, ఊరు సోల్వెజి. రాజధాని లుసాకా నుండి కారులో ఒక పగలంతా ప్రయాణం. దారి పొడవునా ఎర్రమట్టి, అడవి, మనిషిని మించిన చెదపుట్టలు.

ఆఫ్రికా అంటే ఎండే అనుకొనేవారికి ఇక్కడి జూన్ చలి వింతగా తోస్తుంది. భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్నందున జూన్, జూలైలే ఇక్కడ చలికాలం. పైగా ఊరు సముద్రమట్టానికి 1,300 మీటర్లకు పైన ఉన్నది.

ఇక్కడివారి ముఖ్యాహారం న్షిమ. మరిగే నీటిలో మొక్కజొన్న పిండి పోసి తెడ్డుతో గెలుకుతారు. చేత్తో ముద్ద చేసి కూరలో అద్దుకొని తింటారు. రంగు తెలుపే గాని తీరంతా మన సంగటిదే. ఆకుకూరలో వేరుసెనగ పొడి వేసి వండుతారు. ఆ రుచికి మేము త్వరలోనే అలవాటు పడ్డాము.

పలకరించకుండా పని చెప్పడం ఇక్కడ మర్యాద కాదు. అంగడిలో ఉప్పు కొనాలన్నా ముందు క్షేమం అడగవలసిందే.

మాకున్న బెంగ ఒక్కటే: తెలుగు మాట వినబడని చోట పిల్లల తెలుగు ఏమవుతుందా అని. పక్కింటి పిల్లలు ఇంట్లో కావోండే, సంతలో బెంబా, బడిలో ఇంగ్లీషు మాట్లాడుతున్నారు. ఒకటి మరొకదానికి అడ్డు రాలేదు. తమిళ, కన్నడాల నడుమ హోసూరులో మన పెద్దలు చేసినదీ ఇదే గదా! వీధి భాష నేర్చారు, ఇంటి భాష విడువలేదు.

మా పిల్లలూ ఆటల్లో బెంబా నేర్చుకొంటున్నారు. రాత్రి భోజనాల వేళ మాత్రం తెలుగే.