ఫ్రీజర్‌లో మంచు పేరుకుంటోందా?

ఐస్ ట్రే ఎంత లాగినా రావటం లేదా? చాకుతో మాత్రం పొడవకండి. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లలో ఫ్రీజర్ గోడలోనే గ్యాస్ గొట్టాలుంటాయి. చిన్న చిల్లు పడినా ఫ్రిజ్ మూలన పడ్డట్టే.

అసలు నష్టం వేరే ఉంది. మంచు మందంగా పేరుకుంటే చల్లదనం కింది అరలకు సరిగా దిగదు. పైన గడ్డకడుతూనే ఉంటుంది, కింద పాలు విరిగిపోతుంటాయి. కింది అరల్లో 5 డిగ్రీల సెల్సియస్ మించితే నిన్నటి పప్పు, చికెన్ కూరల్లో సూక్ష్మక్రిములు వేగంగా పెరుగుతాయి. వాసన తేడా లేకపోయినా సరే. ఇంట్లో ఇన్సులిన్ వాడేవారుంటే మరింత జాగ్రత్త. దాన్ని ఫ్రీజర్‌కు ఆనించి పెడితే గడ్డకట్టొచ్చు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు, పారేయాల్సిందే.

మంచుకు మూలం లోపలికి చేరే తేమ. తలుపు సందులో ఒక కాగితం పెట్టి మూసి లాగండి. తేలిగ్గా వచ్చేస్తే రబ్బరు పట్టు వదిలినట్టే. ముందు సబ్బునీటితో జిడ్డు తుడిచి చూడండి, అప్పటికీ బిగియకపోతే మార్పించండి. పులుసు, రసం గిన్నెలకు మూతలు తప్పనిసరి.

మంచు అర సెంటీమీటరు మందమైతే పాలు, కూరలు ఐస్ పెట్టెలోకి మార్చి డీఫ్రాస్ట్ బటన్ నొక్కండి. కరిగిన నీరు చాలా ఫ్రిజ్‌లలో వెనకవైపు ట్రేలోకి చేరుతుంది. దాన్ని మరవొద్దు. డెంగీని మోసుకొచ్చే ఏడిస్ దోమకు ఆ కాసిని నీళ్లే చాలు. శుక్రవారం డ్రై డే రోజున పూలకుండీలతో పాటు ఈ ట్రేనూ ఖాళీ చేసి, రుద్ది కడగండి.