చేతి అల్లిక దుస్తులు: ఉతికితే ఎందుకు సాగుతాయి, ఎందుకు ముడుచుకుపోతాయి?

పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం పరిసర గ్రామాల్లో మహిళలు తరతరాలుగా నూలు దారంతో లేసు అల్లుతున్నారు. కొక్కెం ఉన్న చిన్న సూదే వారి పనిముట్టు. ఈ క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. అల్లిక యంత్రాలు ఎన్ని వచ్చినా, వాణిజ్య స్థాయిలో అసలైన క్రోషే కుట్టును ఇప్పటికీ చేత్తోనే వేస్తారు. ఒక బల్లగుడ్డకో, పసిపాప చొక్కాకో రోజుల తరబడి పని పడుతుంది. అంత శ్రమా ఒక్క ఉతుకుతో పాడైపోవచ్చు. పైగా కొన్న దుస్తులకు ఉన్నట్టు, ఎలా ఉతకాలో చెప్పే చీటీ చేతి అల్లికకు ఉండదు. అది ఏ దారంతో అల్లినదో తెలిస్తే, ఎలా ఉతకాలో చాలావరకు తెలిసినట్టే.

దారాన్ని గుర్తించడం ఎలా?

మిగిలిపోయిన దారం ముక్క ఉంటే చిన్న పరీక్ష చాలు. ముక్కను పట్టకారుతో పట్టుకుని, ఇనుప పళ్లెం మీద పెద్దవాళ్లే నిప్పు అంటించి చూడాలి. నూలు దారం కాగితంలా మండి, మెత్తటి బూడిద మిగులుస్తుంది. ఉన్ని వెంట్రుకలు కాలిన వాసన వేస్తుంది, మంట తీసేస్తే దానంతట అదే ఆరిపోతుంది. ఆక్రిలిక్ కరిగి, చల్లారాక గట్టి నల్లటి పూసలా మారుతుంది. అప్పుడే కరిగిన ముద్దను తాకితే చర్మం కాలుతుంది కాబట్టి జాగ్రత్త అవసరం.

ఒక్కో దారానిది ఒక్కో స్వభావం

నూలు అంటే సెల్యులోజ్. తడిస్తే దీని బలం తగ్గదు, ఇంకా పెరుగుతుంది. అయితే తయారీలోనూ అల్లేటప్పుడూ దారం లాగబడి ఉంటుంది. నీరు తగలగానే ఆ బిగువు సడలి, పోగులు ఉబ్బి, అల్లిక కొంత కుదించుకుపోతుంది. వేడినీటిలో ఈ మార్పు మరింత ఎక్కువ.

ఉన్ని సంగతి వేరు. ఇది తల వెంట్రుకల్లాగే కెరటిన్ అనే ప్రోటీన్. ప్రతి పోగు మీద చేప పొలుసుల్లాంటి పొరలు కొన వైపు తిరిగి ఉంటాయి. తల వెంట్రుకను రెండు వేళ్ల మధ్య నిలువుగా పట్టుకుని రుద్దితే అది ఒకవైపుకే జరగడానికి కారణం ఈ పొలుసులే. వేడి, సబ్బు, రాపిడి కలిస్తే ఉన్ని పోగులు ఇలాగే ఒకవైపుకు జరుగుతూ ఒకదానిలో ఒకటి చిక్కుకుంటాయి. దుస్తు దళసరిగా, చిన్నదిగా మారుతుంది. దాన్ని మళ్లీ పూర్వస్థితికి తేలేం. తడిసిన ఉన్నికి బలం కూడా తగ్గుతుంది. ప్రోటీన్ మరకలను కరిగించే ఎంజైములున్న డిటర్జెంట్లు ఉన్నినీ దెబ్బతీస్తాయి. క్లోరిన్ బ్లీచ్ అయితే దాన్ని కరిగించేస్తుంది.

ఆక్రిలిక్ ఒక ప్లాస్టిక్. చల్లటి నీటిలో దీనికి ఇబ్బంది ఉండదు. వేడి ఆవిరి, ఇస్త్రీ తగిలితే మాత్రం పోగులు మెత్తబడి సాగిపోతాయి. చల్లారాక అదే ఆకారంలో ఉండిపోతాయి.

ఉతకడం, ఆరబెట్టడం

ముందు తడి తెల్లగుడ్డతో ఒక మూల అద్ది, రంగు దిగుతుందేమో చూడాలి. తర్వాత చల్లటి లేదా గోరువెచ్చని నీటిలో కొద్దిగా తేలికపాటి డిటర్జెంట్ కలిపి, పది పదిహేను నిమిషాలు నానబెట్టాలి. బండకేసి బాదడం, బ్రష్‌తో రుద్దడం, పిండడం కూడదు. చేత్తో మెల్లగా నొక్కితే చాలు. బోరు నీళ్లు కఠినంగా ఉండే ఊళ్లలో సబ్బు కాల్షియంతో కలిసి తెట్టులా అల్లిక సందుల్లో పేరుకుంటుంది. అలాంటిచోట సబ్బు కన్నా ద్రవ డిటర్జెంట్ మేలు. రెండు మూడు సార్లు జాడించాలి.

అల్లికను సాగదీసేది చాలాసార్లు నీటి బరువే. క్రోషే అంటే వరుసగా ముడిపడిన ఉచ్చులు. నానిన అల్లిక తన బరువుకు మించి నీటిని పట్టి ఉంచగలదు. దాన్ని తీగ మీద వేలాడదీస్తే ఆ బరువంతా పై వరుస ఉచ్చుల మీద పడి, అవి నిలువుగా సాగుతాయి. అందుకే నీళ్లలోంచి రెండు చేతులతో కింద ఆనించి ఎత్తాలి. పొడి తువ్వాలులో చుట్టి నొక్కి నీరు పీల్పించాలి. తర్వాత చాప మీదో మంచం మీదో పరిచి, కొలత ప్రకారం సర్ది, నీడలో ఆరబెట్టాలి. నూలు లేసును ఈ దశలోనే తుప్పు పట్టని గుండుసూదులతో బిగిస్తే ఆరాక అంచులు తీరుగా నిలుస్తాయి.

దాచేటప్పుడు

గంజి పెట్టిన లేసు నిటారుగా నిలుస్తుంది కానీ, ఆ పిండి పదార్థమే వెండిచేపలు అనే పురుగులకు ఆహారం. వానాకాలపు తేమకు బూజు కూడా పట్టవచ్చు. ఎక్కువ కాలం దాచే లేసు నుంచి గంజి పోయేలా ఉతికి, పూర్తిగా ఆరనివ్వాలి. ఉన్నిని తినే పురుగులు చెమట, తిండి మరకలున్న చోటును ముందు వెతుక్కుంటాయి. కాబట్టి దాన్నీ శుభ్రంచేశాకే దాచాలి. హ్యాంగరుకు తగిలించకుండా మడిచి, శుభ్రమైన నూలుగుడ్డలో చుట్టి పెట్టడం మంచిది.

ఎక్కడైనా దారం తెగితే మళ్లీ ఉతకకముందే ముడివేయించాలి. ఒక ఉచ్చు ఊడితే పక్క ఉచ్చులకు ఆధారం తగ్గి, చిన్న రంధ్రం ఉతుకు ఉతుకుకూ పెద్దదవుతుంది. మొదట్లో అయితే అల్లిక తెలిసిన వారు కొద్ది నిమిషాల్లోనే దాన్ని సరిచేయగలరు.