తడబడినవాడే తోడు

పలనాటి సీమలో బెల్లంకొండ పాత ఊరు. కొండమీద రెడ్డిరాజులనాటి దుర్గం శిథిలమై నిలిచి ఉన్నది. క్రింద మిరప, ప్రత్తి చేలు. ఇటువంటి ఊళ్ళలో ఒక వింత కనిపిస్తుంది. తాగేవాడు తన తాగుడును దాచుకొనడు; దాచినా దాగదు. అతడు గుట్టుగా దాచుకొనేది మానవలెనన్న కోరికను. ఆ మాట పైకి వచ్చిన మరుక్షణం "ఏమిరా, సన్న్యాసం పుచ్చుకున్నావా?" అని తోడివారు నవ్వుతారు. "ఇది ఎన్నోసారి?" అని ఇంటివారు నిట్టూరుస్తారు. నవ్వుకూ నిట్టూర్పుకూ నడుమ ఆ కోరిక పుట్టినచోటనే నశిస్తుంది.

మద్యంపై తెలుగుదేశం శాసనాన్ని ప్రయోగించి చూచినది. 1992లో నెల్లూరుజిల్లా దూబగుంటలో, అక్షరాలు నేర్వ కూడిన స్త్రీలు సారాపై తిరుగబడ్డారు. రోశమ్మ పేరు నాడు ఊరూరా వినబడినది. ఆ ఉద్యమ ఫలితంగా 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చినవి. 1997లో ఆ నిషేధం తొలగినది. ఆ తల్లుల పోరాటం చిరస్మరణీయం. అయితే శాసనం కోటగోడ వంటిది. వెలుపలి శత్రువును అది ఆపగలదు. శత్రువు లోపలనే కాపురమున్నప్పుడు గోడ ఏమి చేయగలదు?

ఈ ప్రశ్నకు సమాధానపు ఛాయ మన భారతంలోనే కలదు. రాక్షసులు కచుని చంపి, దహించి, ఆ బూడిదను సురలో కలిపి శుక్రాచార్యునిచేత తాగించారు. తాను తాగినది ప్రియశిష్యుని దేహభస్మమని తెలిసిన పిదపనే ఆ గురువు సురాపానాన్ని మహాపాతకమని శాసించాడు. తానే దెబ్బతిన్నవాడు కనుక ఆ మాటకు అంత బరువు కలిగినది. కాని శుక్రుడు శపించి ఊరకున్నాడు. దెబ్బతిన్నవాడు శపించుటకు బదులు మరొక దెబ్బతిన్నవాని ప్రక్కన కూర్చుంటే ఏమగును?

1935 మే మాసంలో అమెరికాలోని ఏక్రన్ నగరంలో అదే జరిగినది. బిల్ విల్సన్ అనే న్యూయార్కు వర్తకుడు వ్యవహారం చెడి, ఒంటరిగా హోటలులో నిలుచున్నాడు. అతడు మద్యం మాని అయిదు నెలలైనది. ప్రక్కనే పానశాల. లోపలికి పోవుటకు మారుగా టెలిఫోను అందుకొని, తనవంటి మరొక పీడితుడు ఈ ఊరిలో ఉన్నాడా అని విచారించాడు. ఆ విచారణ అతనిని డాక్టర్ బాబ్ స్మిత్ అనే శస్త్రవైద్యునివద్దకు చేర్చినది. పావుగంటకు మించి కూర్చొననన్న ఆ వైద్యుడు ఆరుగంటలు కూర్చున్నాడు. వచ్చినవాడు నీతి బోధించక తన కథనే చెప్పుకున్నాడు. ఆ వైద్యుడు మద్యాన్ని తుదిసారి ముట్టిన 1935 జూన్ 10వ తేదీనే ‘ఆల్కహాలిక్స్ అనానిమస్’ పుట్టినరోజుగా పరిగణిస్తారు. అనగా, పేరు వెల్లడించుకోని మద్యపీడితుల సంఘం. 1957లో అది మన దేశంలోనూ వేళ్ళూనినది.

ఆ సభల తీరు నిరాడంబరం. ప్రవేశ రుసుము లేదు. మానవలెనన్న కోరిక ఒక్కటే అర్హత. ఒకరు మాటాడుతుంటే తక్కినవారు వింటారు; నడుమ ఎవరూ తీర్పు చెప్పరు. విన్నది గడప దాటరాదు. జన్మంతా మానెదనన్న ప్రతిజ్ఞకు మారుగా "ఈ ఒక్కరోజు" అన్న నియమం. పాతవాడొకడు క్రొత్తవానికి తోడుగా నిలుస్తాడు. 2020లో కాక్రేన్ సంస్థ 27 అధ్యయనాలను, 10,565 మంది అనుభవాన్ని సమీక్షించినది. రోగిని ఈ మార్గంలో ప్రవేశపెట్టే చికిత్స, సంపూర్ణంగా మద్యం మానుట విషయంలో ఇతర చికిత్సలకంటె మెరుగైన ఫలితమిచ్చినదని తేల్చినది.

ఇక బెల్లంకొండనుండి బయలుదేరేవాని సంగతి. సభకై పొరుగు పట్టణానికి పోవలసివస్తే బస్సు చార్జీ ఖర్చు, కోతలకాలంలో ఒక పూట కూలి నష్టం. కాని తనను ఎవరూ ఎరుగని చోట నోరు విప్పుట సులభం. సభ ఎక్కడ జరుగునో తెలియనివారు కేంద్రప్రభుత్వపు ఉచిత టెలిఫోను 14446తో విచారణ ప్రారంభించవచ్చును. ఒక్క హెచ్చరిక: ఏండ్ల తరబడి విపరీతంగా తాగినవారు హఠాత్తుగా మానితే వణుకు, మూర్ఛ, మతిభ్రమ కలిగి ప్రాణాపాయం సంభవించవచ్చును. ముందు వైద్యుని చూడవలెను. సభ వైద్యానికి తోడు మాత్రమే.

ఉపాధ్యాయులకు ఇందులో పాత్ర కలదు. తండ్రి కేకలతో రాత్రంతా మేలుకొని, పగలు తరగతిలో కునికే పిల్లవాడు ప్రతి బడిలోనూ ఉంటాడు. పీడితుల కుటుంబాలకోసం 1951లో ‘అల్-అనాన్’, పిల్లలకోసం 1957లో ‘అలటీన్’ అనే సంఘాలు వేరుగా వెలసినవి. తాగుడు తండ్రి రోగమనీ, దానికి తాను కారణం కాదనీ బిడ్డ తెలుసుకొనుట అక్కడి మొదటి పాఠం. ఆ పాఠాన్ని మన పల్లెబడిలోనూ చెప్పవచ్చును. పదిమంది ఎదుట ఆ బాలుని తండ్రిపేరెత్తి మందలించకుండా, బడి విడిచిన పిదప ప్రక్కన కూర్చుండబెట్టుకొని, అతడు చెప్పేది తుదివరకు విన్న ఉపాధ్యాయుడు ఆ సభాధర్మాన్ని పాటించినవాడే. ఏనాడో ఆ తండ్రి, "అయ్యా, నేనూ మానవచ్చునా?" అని చీకటివేళ ఆ గడప తొక్కినా తొక్కవచ్చును. ఆనాడు నవ్వనివాడు, నిట్టూర్చనివాడు ఒక్కడు ఆ ఊరిలో ఉండవలెను.