ఆరబెట్టేది ఎండా, గాలా?

కొడవలితో కోసిన రోజుల్లో వరి పనల మీదే చాలావరకు ఆరేది. ఇప్పుడు కోత మిషన్ పొద్దున చేలో దిగితే మధ్యాహ్నానికి వడ్లు ట్రాక్టరులో ఉంటాయి. తేమ చూస్తే 20 శాతం పైమాటే. కొనుగోలు కేంద్రంలో 17కు మించితే ఒప్పుకోరు. నెలల తరబడి ఇంట్లో ఉంచాలంటే 13-14కు, విత్తనానికైతే 12కు దిగాలి.

22 శాతం తేమ ఉన్న 100 కిలోల వడ్లను 14కు దించాలంటే 8 కిలోల నీరు పోతే సరిపోదు, 9 కిలోలకు పైనే పోవాలి. నీరు పోయేకొద్దీ మొత్తం బరువూ తగ్గుతుంది, శాతాన్ని లెక్కగట్టేది ఆ తగ్గిన బరువు మీదే.

కోశాక కూడా గింజ శ్వాసిస్తూనే ఉంటుంది. తడి ఎక్కువైతే ఆ శ్వాస జోరందుకుంటుంది, బూజూ తోడవుతుంది. పచ్చి వడ్ల కుప్పలో చెయ్యి పెడితే తగిలే వేడి అదే. అలా వేడెక్కిన వడ్లలో బియ్యం పసుపెక్కుతుంది.

గింజలోంచి నీటిని బయటికి తోసేది ఎండ, మోసుకుపోయేది గాలి. గాలిలో తేమ 70-75 శాతం ఉంటే వడ్లు దాదాపు 14 దగ్గర ఆగిపోతాయి. రాత్రి మంచుకు అది 90 దాటితే ఆరిన గింజ మళ్లీ చెమ్మ పీల్చుకుంటుంది. అప్పుడు పైభాగం ఉబ్బుతుంది, లోపలిది ఉబ్బదు. ఆ లాగులాటలో గింజ పగిలి, మిల్లులో నూకవుతుంది. అందుకే కళ్లంలో వడ్లను అంగుళం, అంగుళంన్నర మందాన పరిచి, అరగంటకోసారి తిరగబెట్టాలి. గింజ వేడి 50 డిగ్రీలు దాటే మిట్టమధ్యాహ్నం నీడ పట్టాలి. మంచు పడకముందే పరదా కప్పి, పొద్దెక్కగానే తీసెయ్యాలి. చల్లారాకే మూట కట్టాలి.

ఆ తర్వాత శత్రువు పురుగు. గాలి చొరని సంచిలో లోపలున్న ఆక్సిజన్‌ను పురుగులే వాడేసుకుంటాయి, అది తగ్గేకొద్దీ తిండి మానేసి చచ్చిపోతాయి. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ఆఫ్రికాలోని కామెరూన్‌లో అలసందల కోసం రూపొందించిన మూడు పొరల సంచి ఈ సూత్రం మీదే పనిచేస్తుంది. మట్టితో మూసేసిన మన పాతరలోనూ జరిగేది ఇదే. పాతర తెరిచాక దీపం దించి, అది ఆరకపోతేనే మనిషి దిగేవాడు. అయితే తడి వడ్లను ఇలా మూసేస్తే పురుగు చచ్చినా గింజ పులిసిపోతుంది.

తేమ మీటరు లేకపోతే పొడి గాజు సీసాలో గుప్పెడు వడ్లు, కాస్త పొడి ఉప్పు వేసి కొద్ది నిమిషాలు గిలకరించండి. ఉప్పు గాజుకు అంటుకుంటే తేమ ఇంకా 15 శాతం పైనే ఉన్నట్టు. ఆ వడ్లను తిరిగి కళ్లంలో పరవాల్సిందే.