పది మిల్లీ ఆంపియర్ల సాక్ష్యం

సాలూరు దాటి పి.కోనవలస ఘాట్ ఎక్కుతున్న 108 అంబులెన్స్ బండి జాడ కొండమలుపులో ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. కొండ అడ్డొచ్చి ఉపగ్రహాలు కనబడకపోయినా ఆగుతుంది, పైకప్పు మీది యాంటెన్నా తీగ తెగినా ఆగుతుంది. మొదటిదైతే మలుపు తిరగ్గానే సర్దుకుంటుంది. రెండోదైతే మెకానిక్ చెయ్యి పడేదాకా ఆ బండి ఎక్కడుందో పరికరానికే తెలియదు. జీపీఎస్ రిసీవర్‌కు వచ్చే సంకేతాన్ని మాత్రమే చూస్తే ఈ రెండు మౌనాలకూ తేడా ఉండదు. తేడా చెప్పేది యాంటెన్నా తాగుతున్న కరెంటు. ఆ కరెంటును కొలిచి, అవసరమైతే కట్టేసే చిప్ వేలిగోరంత కూడా ఉండదు. దాని పుట్టుక కథ మాత్రం పొడవైనదే.

ఆకాశం వంక చూసే యాంటెన్నాకు కరెంటు ఎందుకు? జీపీఎస్ ఉపగ్రహాలు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతాయి. అక్కడి నుంచి నేలకు చేరే శక్తి, ఒక వాట్‌ను కోటి కోట్ల భాగాలు చేసి, అందులో ఒక భాగాన్ని మళ్లీ వంద చేస్తే వచ్చేంత. పైకప్పు నుంచి డాష్‌బోర్డు దాకా వేసే సన్నని కోయాక్సియల్ తీగలో మీటరుకు దాదాపు ఐదో వంతు పోతుంది. నాలుగైదు మీటర్లు నడిచేసరికి సగం కూడా మిగలదు. పోతే పోయింది, కింద పెంచుకుందామంటే కుదరదు. గొలుసులో మొట్టమొదటి యాంప్లిఫయర్‌కు ముందు జరిగిన నష్టమూ, అది తనంతట తాను కలిపే రొదా చివరిదాకా వెంటాడతాయని బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన హెరాల్డ్ ఫ్రిస్ 1944లో సూత్రం కట్టి చూపాడు. అందుకే యాంప్లిఫయర్ యాంటెన్నా కిందనే, ఎండకూ వానకూ పైకప్పు మీద కూర్చోవాలి. దానికి తిండి కింది నుంచి పంపాలి.

ఈ ఉపాయం మన ఇళ్లకు కొత్త కాదు. దూరదర్శన్ రోజుల్లో డాబా మీద ఇనప గొట్టానికి కట్టిన యాంటెన్నా పక్కన బూస్టర్ ఉండేది. దాని అడాప్టర్ కింద టీవీ దగ్గర ఉండేది. బొమ్మ ఏ తీగలో దిగేదో, బూస్టర్‌కు కరెంటు ఆ తీగలోనే ఎక్కేది. ఇప్పటి డిష్‌కూ సెట్‌టాప్ బాక్స్ 13 లేదా 18 వోల్టులు అలాగే పంపుతుంది. ఒకే రాగి తీగలో రెండూ కలిసిపోకుండా చూసేవి ఒక కాయిలూ ఒక కెపాసిటరూ. కాయిల్ నిలకడైన కరెంటును పోనిచ్చి రేడియో సంకేతాన్ని అడ్డుకుంటుంది. కెపాసిటర్ సంకేతాన్ని పోనిచ్చి నిలకడైన కరెంటును అడ్డుకుంటుంది. తీగ రెండు కొసల్లోనూ ఈ జంటను పెడితే దారులు విడిపోతాయి.

పాత అంబాసిడర్ మీది ఉక్కు కడ్డీకి ఈ తంటా లేదు. అందులో యాంప్లిఫయరే లేదు. కడ్డీ విరిగితే కంటికి కనబడేది, రేడియో బుసకొట్టేది. 2001లో బీఎండబ్ల్యూ 7 సిరీస్ కారు మీద సొరచేప రెక్క ఆకారపు యాంటెన్నా వచ్చాక ఆ నమూనా లోకమంతా పాకింది. రెక్క బయటికి చెక్కుచెదరకుండా ఉంటుంది, లోపల ఏం పాడైందో చూపదు.

మన దగ్గర 108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైంది. 2020 జులై 1న విజయవాడలో 108, 104 వాహనాలు కలిపి 1,088 ఒకేసారి రోడ్డెక్కినప్పుడు వాటిలో జాడ తెలిపే పరికరాలు ఉన్నాయి. ప్రయాణికుల వాహనాలకు కేంద్రం 2016 నవంబరులో నిబంధన తెచ్చింది. 2019 జనవరి 1 నుంచి రిజిస్టరయ్యే వాటికి జాడ పరికరమూ అత్యవసర బటనూ తప్పనిసరి అయ్యాయి. గుమ్మలక్ష్మీపురం, సీతంపేట కొండల్లో ఇప్పటికీ రోగిని డోలీలో మోసుకుని రోడ్డు దాకా తెచ్చే ఊళ్లున్నాయి. భుజాలు మార్చుకుంటూ దిగుతున్న ఆ మనుషులకు బండి ఎంత దూరంలో ఉందో చెప్పగలగడం చిన్న విషయం కాదు. అందుకే ఈ కరెంటు లెక్కను నేను ఇంత పట్టించుకుంటున్నాను.

కొలత ఎలాగంటే, కరెంటు దారిలో ఒక చిన్న రెసిస్టర్ పెడతారు. జీపీఎస్ యాంటెన్నా మామూలుగా పది, ఇరవై మిల్లీ ఆంపియర్లు తాగుతుంది. రెసిస్టర్ ఒక ఓం అయితే పది మిల్లీ ఆంపియర్లకు దాని రెండు కొసల మధ్య పది మిల్లీవోల్టుల తేడా వస్తుంది. రెసిస్టర్ పెద్దదైతే కొలవడం తేలిక, కానీ యాంటెన్నాకు చేరే వోల్టేజీ తగ్గుతుంది. చిన్నదైతే కొలత కష్టం. ఆ చిన్న తేడాను నమ్మకంగా పెంచి చూపడమే చిప్ నేర్పు. కరెంటు దాదాపు సున్నా అయితే తీగ తెగింది, లేదా కనెక్టర్ ఊడింది. పది దగ్గర నిలకడగా ఉండి సంకేతం మాత్రం లేదంటే అనుమానం ముందు కొండ మీదికే పోవాలి. వందలకు ఎగబాకితే షార్ట్.

షార్ట్ దగ్గరే రక్షణ పని మొదలవుతుంది. ఇంజిన్ నడుస్తుంటే బండిలో దాదాపు 14 వోల్టులుంటాయి. చిప్ దాన్ని 5కు దించి 20 మిల్లీ ఆంపియర్లు ఇస్తే దానిలో పుట్టే వేడి 0.18 వాట్. అదే తీగ తలుపు సందులో నలిగి బాడీకి తగిలితే? కరెంటును 300 మిల్లీ ఆంపియర్ల దగ్గర ఆపినా వేడి 4.2 వాట్లు, అంటే ఇరవై రెట్ల పైమాటే. ఆ వేడికి చిప్ తనను తాను ఆపుకుంటుంది, చల్లారాక మళ్లీ ప్రయత్నిస్తుంది. ఇంకో ప్రమాదం కంటికి ఆనదు. యాంటెన్నా తీగ పక్కనున్న బ్యాటరీ తీగతో రాసుకుని తోలు ఊడితే, 14 వోల్టులు వెనక్కి చిప్‌లోకే వస్తాయి. అందుకే కరెంటు ఎదురు నడవకుండా తలుపు వేసే ఏర్పాటు కూడా లోపలే ఉంటుంది. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఇలాంటి పనికే తయారుచేసిన ఒక చిప్ 40 వోల్టుల దాకా ఓర్చుకుంటుంది. నడుస్తున్న బండిలో బ్యాటరీ టెర్మినల్ ఊడితే ఆల్టర్నేటర్ నుంచి ఒక్క క్షణం ఎగిసిపడే వోల్టేజీ బండిలోని రక్షణలు తగ్గించాక కూడా 35 దాకా పోగలదు మరి.

మన తీరానికి ప్రత్యేకమైన శత్రువు ఉప్పుగాలి. కళింగపట్నం, భావనపాడు, బారువ వైపు తిరిగే బండ్లలో కనెక్టర్ రబ్బరు ఎండి పగిలితే ఉప్పు తేమ లోపలికి దిగుతుంది. నడిమి తీగకూ చుట్టూ ఉన్న అల్లికకూ మధ్య ఆ తేమ గుండా కరెంటు కారుతుంది. అది షార్ట్ కాదు కాబట్టి చిప్ ఏమీ కట్టేయదు. అంకె మాత్రం వారాల తరబడి 12 నుంచి 15కు, 15 నుంచి 19కి పాకుతుంది. హెచ్చరికల పట్టీలో ఈ పాకుడు కనబడదు, అందులో ఉండేవి తెగింది, షార్ట్ అయింది అన్న రెండు మాటలే. అసలు అంకెను దాచి ఉంచి, వాహనాన్ని సర్వీసుకు తెచ్చినప్పుడు మెకానిక్ చేతికివ్వడానికి కొత్త హార్డ్‌వేర్ అక్కర్లేదు. చిప్ ఆ అంకెను ఇప్పటికే ఇస్తోంది. దాన్ని రెండు మాటలకు కుదించడం పెద్ద వృథా అని నా అభిప్రాయం.

కరెంటు చెప్పలేనిది కూడా ఒకటుంది. రెక్కలో పైనుండే, సంకేతాన్ని పట్టే సెరామిక్ పలక పగిలినా, దాన్ని యాంప్లిఫయర్‌కు కలిపే టంకం ఊడినా, యాంప్లిఫయర్ తన పది మిల్లీ ఆంపియర్లు తాగుతూనే ఉంటుంది. అప్పుడు బండిని చిలకపాలెం దగ్గర జాతీయ రహదారి పక్కన, చెట్టూ గోడా లేని చోట నిలిపి, ఉపగ్రహాల సంకేత బలం చూడాలి. ఆరుబయట, కరెంటు సరిగ్గా ఉండి, అన్ని ఉపగ్రహాలూ ఒకేలా బలహీనంగా కనిపిస్తే ముందుగా విప్పి చూడాల్సింది ఆ రెక్కనే.