ముసలితనము ఏల వచ్చును?

"వయసు మీదపడినది, ఇక చేయునదేమున్నది?" అని మన పల్లెలలో పెద్దలు నిట్టూర్చుట కద్దు. వార్ధక్యము ఎట్లు వచ్చునో తెలిసికొన్నచో ఈ నిరాశ కొంత తగ్గును.

మన శరీరము కోట్లకొలది సూక్ష్మకణములతో నిర్మితమైనది. చర్మము వంటి భాగములలో పాతకణములు నశింపగా, ఉన్నవి చీలి క్రొత్తవానిని ఇచ్చుచుండును. ఈ చీలికకు మితి కలదని అమెరికా శాస్త్రజ్ఞుడు లియొనార్డ్ హేఫ్లిక్ 1961లో తెలిపెను. ప్రయోగశాలలో పెంచిన మానవకణములు సుమారు 50 మారులు చీలి ఆగిపోయినవి. కారణము పిమ్మట తెలిసినది. కణములోని క్రోమోసోముల కొనలకు టెలోమియర్లు అను తొడుగులుండును. పలుపు కొన పురి విడిపోకుండ వేసిన ముడి వంటివవి. కణము చీలినప్పుడెల్ల అవి పొట్టివగుచుండును. మిక్కిలి పొట్టివైన పిదప కణము చీలదు. ఈ తొడుగులపై పరిశోధించిన ఎలిజబెత్ బ్లాక్‌బర్న్, కేరల్ గ్రైడర్, జాక్ షోస్టాక్‌లకు 2009లో నోబెల్ బహుమానము లభించినది.

ఇదియొక్కటే కారణము కాదు. కణములలోని జన్యుపదార్థమునకు నిత్యము దెబ్బలు తగులుచుండును. శరీరము వానిని బాగుచేసికొనుచునే యుండును; వయసుతో ఆ మరమ్మతు మందగించును. పొగాకు ఈ నష్టమును హెచ్చించును.

వార్ధక్యమును ఆపజాలము. కాని ముసలితనమని సరిపెట్టుకొనునదంతయు అనివార్యము కాదు. నడక, చేతనైన పని కండబలమును నిలుపును. కంటిశుక్లమును శస్త్రచికిత్సచే తొలగించి చూపు తిరిగి పొందవచ్చును. కావున చూపు మందగించిన తల్లిదండ్రులను అరుగుకే పరిమితము చేయక, ఆసుపత్రికి తోడ్కొనిపోవుట మన విధి.