విమానమెక్కిన వడ్డీ

మా వాడు పైలటు ఉద్యోగంలో చేరి మొదటిసారి యూనిఫారంతో ఇంటికి వచ్చిన రోజున ఉప్పల్‌లో మా వీధి వీధంతా మా గుమ్మం ముందే ఉంది. భుజాల మీద బంగారు పట్టీలు తడిమి చూసిన ముసలమ్మలు కొందరు, సెల్‌ఫోనుతో ఫోటోలు తీసుకున్న కుర్రకారు కొందరు. ఎదురింటి పటేలు మాత్రం నన్ను అరుగు మీదికి లాగి, "సారూ, మీ పిలగాడు ఇమానం నడుపుతుండు, సంతోషం. గని మొత్తం ఎంతయింది? దాచకుండ చెప్పు" అన్నాడు. ఆయన చిన్న కూతురు ఇంటర్ ఎం.పి.సి. పూర్తి చేసి, తనూ పైలటవుతానని పట్టుబట్టి కూర్చుంది. అందుకే ఆ ఆరా.

నేను దాచలేదు. నలభై లక్షల అప్పు. నాచారం పారిశ్రామికవాడలో ముప్పైరెండేళ్ళు స్టోర్స్ గుమాస్తాగా చాకిరీ చేసి కట్టుకున్న నూటయాభై గజాల ఇల్లు ఆ అప్పుకింద ఇప్పటికీ తనఖాలో ఉంది.

విమానం నడపడం నేర్చుకోవడమంటే ఏమిటో చాలామందికి తెలియదు. లెక్కలు, భౌతికశాస్త్రంతో ఇంటర్ ప్యాసై ఉండాలి. వైద్య పరీక్షలో నెగ్గాలి. డి.జి.సి.ఎ. వారి పరీక్షలు రాయాలి. రెండు వందల గంటలు గాలిలో గడపాలి. అప్పటికి చేతికి వచ్చేది కమర్షియల్ పైలటు లైసెన్సు. అంతటితో ఎయిర్‌బస్సో బోయింగో నడపనిస్తారనుకుంటే పొరపాటే. ఏ విమానం నడపాలో ఆ విమానానికి విడిగా టైపు రేటింగు అని మరో శిక్షణ ఉంది, దానికి మళ్ళీ లక్షలు పోయాలి. కాబట్టే ఈ చదువు మన హైదరాబాదులో ఎప్పటినుంచో ఉన్నా, సామాన్యుల ఇళ్ళకు ఆలస్యంగా వచ్చింది. 1945లో మొదలై 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయిన దక్కన్ ఎయిర్‌వేస్ మన ఊరిదే. మిగతా కంపెనీలు ఆడమనిషివని కాదు పొమ్మన్న ప్రేమ్ మాథుర్‌కు 1947లో పైలటుగా కొలువిచ్చింది ఆ సంస్థే. ఈ మధ్యకాలంలో పాతబస్తీ నుంచి, బేకరీ పనివాడి కూతురు సయ్యదా సల్వా ఫాతిమా దాతల చేయూతతో, ప్రభుత్వ సాయంతో పైలటయింది. దాతలు దొరకని మా బోటివాళ్ళకు దిక్కు బ్యాంకే.

నేను చేసిన తెలివితక్కువ పని అక్కడే ఉంది. విద్యా రుణం అడగడానికి ఒక బ్యాంకుకు వెళ్ళాను. పేరు చెప్పను, ఎవరి కొంపలోనో చిచ్చు పెట్టడం నాకిష్టం లేదు. అక్కడి ఆఫీసరు, "విద్యా రుణమంటే పైవాళ్ళ అనుమతి రావాలి, నెలలు పడుతుంది. మీ ఇంటి మీద తీసుకోండి, వారంలో డబ్బు చేతికొస్తుంది" అని సెలవిచ్చాడు. ఫ్లయింగు స్కూలు వాళ్ళు పెట్టిన గడువు దగ్గర పడుతోంది. పోయిందేముంది, అప్పు అప్పే గదా అనుకున్నాను. కాగితాల మీద నా పేరు రాశారు, ప్రయోజనం అన్నచోట "వ్యక్తిగత అవసరములు" అని రాశారు. చదవకుండా సంతకం చేశాను. ముప్పైరెండేళ్ళు చలాన్లలో ఒక్క బోల్టు తేడా వచ్చినా పట్టుకున్నవాణ్ణి!

మా వాడికి 2022లో ఉద్యోగం వచ్చింది. మొదటి సంవత్సరం ఆఖరున జీతంలో పన్ను కోత చూసి వాడు బెంబేలెత్తి, "నాన్నా, నెలనెలా వడ్డీ కడుతున్నది నేనే గదా, దీనికి మినహాయింపేమీ రాదా?" అని ఫోను చేశాడు. ఇద్దరం కలిసి నాచారంలో నాకు తెలిసిన ఆడిటరు గారి దగ్గరకు వెళ్ళాం.

ఆయన కళ్ళజోడు సవరించుకుని ముందు ఒక మాట స్పష్టంగా చెప్పేశారు. జీతగాడు తన చదువుకు, లైసెన్సుకు, వైద్య పరీక్షకు ఎంత తగలేసినా ఆ ఖర్చును జీతంలోంచి తీసివేయడానికి మన చట్టం ఒప్పుకోదు. అందరికీ కలిపి ఒకటే మొత్తం, స్టాండర్డ్ డిడక్షన్ అని ఇస్తుంది, అంతే. సొంతంగా వృత్తి చేసుకుంటూ ఫీజులు పుచ్చుకునే పైలటయితే లైసెన్సు రెన్యూవలు వంటివి వృత్తి ఖర్చుగా చూపుకోవచ్చు. అయినా మొట్టమొదట పైలటు కావడానికి పెట్టిన ఖర్చు వేరే సంగతి, అది పెట్టుబడి వంటిది. అమెరికాలోనూ కొత్త వృత్తిలోకి అడుగు పెట్టించే చదువుకు మినహాయింపు లేదట. అది విని నాకేదో కొంత ఊరట కలిగింది, ఎందుకో తెలియదు.

"మరి వడ్డీ మాటేమిటండీ?" అన్నాను.

"అదొక్కటే ఉంది" అన్నారాయన. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 80ఇ అనే సెక్షను. ఇంటర్ తరువాతి గుర్తింపుగల చదువుకు బ్యాంకు వంటి ఆర్థిక సంస్థ నుంచి తీసుకున్న అప్పు మీద కట్టిన వడ్డీ ఎంతయినా సరే, యావత్తూ ఆదాయంలోంచి తీసివేయవచ్చు. అసలుకు వర్తించదు. కట్టడం మొదలుపెట్టిన సంవత్సరం లగాయతు ఎనిమిదేళ్ళు మాత్రమే. ఆ తరువాత 2025లో వచ్చి 2026 ఏప్రిల్ 1 నుంచి అమలైన కొత్త చట్టంలోనూ ఈ సదుపాయం ఉంచారు.

మా వాడి మొహం విప్పారింది. ఆడిటరు గారు నా కాగితాలు తిరగేసి, మెల్లగా బల్ల మీద పెట్టారు. "అప్పు ఎవరు తీసుకున్నారో వారికే మినహాయింపు. ఇది మీ పేరున ఉంది. మీ పిల్లవాడి చదువు గనుక మీరే చూపుకోవచ్చునేమో అంటే, ప్రయోజనం వ్యక్తిగతమని రాసుకున్నారు. పోనీ వాదిద్దామన్నా, మీకు పన్ను పడేటంత ఆదాయమే లేదు." వడ్డీ కట్టేవాడికి అప్పు లేదు, అప్పు ఉన్నవాడికి పన్ను లేదు!

దారిలో వాడు ఒక్క మాట కూడా అనలేదు. అంటేనే బాగుండేది.

ఎంత నష్టమో ఆయన కాగితం మీద వేసి చూపించారు. లెక్క సులువుగా ఉండేందుకు ఏడాది జీతం ఇరవైనాలుగు లక్షలు, వడ్డీ నాలుగు లక్షలు అనుకోండి. 2022-23లో పాత పద్ధతిన స్టాండర్డ్ డిడక్షన్ యాభైవేలు, పి.ఎఫ్., బీమా వగైరాలకు లక్షన్నర, ఈ వడ్డీ నాలుగు లక్షలు పోను పన్ను, సెస్సుతో కలిపి 3,66,600 రూపాయలు. వడ్డీ మినహాయింపు లేకపోతే, ఉన్నవాటిలో చవకైన కొత్త పద్ధతి పట్టుకున్నా 4,75,800. అంటే నా సంతకం ఖరీదు ఆ ఒక్క ఏడాదికే 1,09,200 రూపాయలు.

ఇదంతా పటేలుకు చెప్పాను. ఆయన కూతురు విషయంలో నేను చేసిన తప్పు జరగనివ్వకూడదని పంతం పట్టి, ఆయన్ను వెంటబెట్టుకుని మూడు బ్యాంకులు తిరిగాను. అప్పు అమ్మాయి పేరున, తండ్రి కో-అప్లికెంటు. ప్రయోజనం దగ్గర పైలటు శిక్షణ అని స్కూలు పేరుతో సహా రాయించాం. ఇంకొక మెలిక కూడా చూశాను. చదువుతున్న రోజుల్లోనే వడ్డీ కట్టడం మొదలెడితే ఎనిమిదేళ్ళ గడియారం అప్పుడే తిరగడం మొదలవుతుంది, సంపాదన లేని సంవత్సరాలు వృథా. కట్టకపోతే వడ్డీ పేరుకుంటుంది. ఏది మేలో ఎవరి లెక్క వారు వేసుకోవలసిందే. ఈలోగా ఒక మంచి కబురు కూడా తెలిసింది. డి.జి.సి.ఎ. ఆమోదం పొందిన స్కూళ్ళు నడిపే ఆమోదిత కోర్సుల ఫీజు మీద జి.ఎస్.టి. లేదని 2024లో ఖరారు చేశారు. పద్దెనిమిది శాతమంటే మాటలా?

కాగితాలన్నీ కుదిరాక, ఆఖరిసారి ఆడిటరు గారిచేత లెక్క వేయిద్దామని ముగ్గురం వెళ్ళాం. ఆయన అదే ఇరవైనాలుగు లక్షల జీతానికి 2025-26 రేట్లతో వేశారు. కొత్త పద్ధతిలో 80ఇ లేదు, స్టాండర్డ్ డిడక్షన్ డెబ్బైఅయిదు వేలు మాత్రం ఉంది. పన్ను 2,92,500. పాత పద్ధతిలో వడ్డీ మినహాయింపుతో సహా అన్నీ తీసివేసినా అదే 3,66,600.

నేను రెండుసార్లు కూడి చూసుకున్నాను. స్లాబులు మారిపోయాయి. నేను మూడేళ్ళుగా కుమిలిపోతున్న మినహాయింపు, ఇప్పుడు చేతిలో పెట్టినా మా వాడు పుచ్చుకోడు.

"అంటే సారూ, మనం తిరిగిన తిరుగుడంత ఉత్తదేనా?" అన్నాడు పటేలు.

"ఉత్తది కాదు" అన్నారు ఆడిటరు గారు. "జీతమెంతో, వడ్డీ ఎంతో, ఆనాటి రేట్లేమిటో ఎవరికి తెలుసు? అమ్మాయి పేరున ఉంటే ఏ పద్ధతి లాభమో ఏడాదికేడాది ఎంచుకుంటుంది. మీ పేరున ఉంటే ఆ ఎంపికే లేదు." తరువాత నా వంక తిరిగి, "మీవాడికి మొదటి మూడేళ్ళే నష్టం లెండి, అదీ ఏడాదికేడాది తగ్గుతూ వచ్చింది" అన్నారు, ఓదార్పుగానే.

అంతవరకు నోరు విప్పని ఆ పిల్ల అప్పుడు అడిగింది: "అంకుల్, మెడికల్‌లో ఫెయిలయితే లోను సంగతేంది?"

ముగ్గురు పెద్దవాళ్ళం మొహాలు చూసుకున్నాం. మూడు బ్యాంకులు తిరిగాం, సెక్షన్లు తిరగేశాం, ఆ మాట ఒక్కరికీ తట్టలేదు. వైద్య పరీక్ష ముందు, ఫీజు తరువాత! బ్యాంకు సంతకాలు వాయిదా వేశాం. డాక్టరు దగ్గర వేళ తీసుకున్నాం. ఎల్లుండి పొద్దున ఏడింటికి ఉప్పల్ స్టేషనులో మెట్రో ఎక్కాలి. పరగడుపున రమ్మన్నారు. తోడు నన్నే రమ్మంటోంది.